మాన్‌హటన్‌లో పాత టికెట్ల డబ్బా: నాలుగు రోజుల కాన్సాస్ ప్రయాణం

గురువారం, 2019 అక్టోబర్ 24

తెల్లవారుజామున అయిదింటికే మినియాపొలిస్‌లో కారు తీశాం, నేనూ మా ఆవిడా. వెనక సీట్లో ఒక స్టీలు డబ్బా నిండా జంతికలు, ఇంకో డబ్బాలో అరిసెలు, రెండు వంకాయ రంగు స్వెట్టర్లు. శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్, ఆదివారం దీపావళి, రెండూ కలిసొచ్చాయని సెలవు పెట్టి కాన్సాస్ వెళ్తున్నాం. బాపట్ల వ్యవసాయ కళాశాలలో డిగ్రీ అయ్యాక 2011లో నేను మాన్‌హటన్ వచ్చి, గోధుమలు పిండి ఆడించే శాస్త్రంలో ఎమ్మెస్ చేశాను. మాన్‌హటన్ అంటే న్యూయార్క్‌లోది అనుకునేరు, ఇది కాన్సాస్‌లో గడ్డి కొండల మధ్య ఉన్న చిన్న ఊరు, కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఊరు. అందరూ కె-స్టేట్ అంటారు.

ఈ ఊళ్లో రెండున్నరేళ్లు ఉన్నవాడు ఎవడైనా వైల్డ్‌క్యాట్స్ మనిషి అయిపోతాడు, అంటే వంకాయ రంగు వేసుకునే కె-స్టేట్ ఫుట్‌బాల్ జట్టు మనిషి. నేనూ అయిపోయాను. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన దగ్గర కాలితో తన్నే ఆట కాదు, హెల్మెట్లు పెట్టుకుని కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తేది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోతే మళ్లీ నాలుగు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలి వాళ్లకి. ఇంతే తెలిస్తే చాలు, మిగతాది పక్కన కూర్చున్నవాళ్లు నేర్పిస్తారు. నాకు నేర్పింది మేం అద్దెకున్న ఇంటి ఓనర్లు, ఇప్పుడు డెబ్బై అయిదు దాటిన ఆలుమగలు. ఈసారి ఓక్లహామా వస్తోంది, దేశంలో అయిదో ర్యాంకు, రండి, రెండు టికెట్లు ఎక్కువున్నాయి అని పెద్దావిడ ఫోన్ చేసింది. మా ఆవిడ నాకంటే ముందు సరేనంది.

అయోవా దాటుతుంటే పొద్దుపోదు. రెండు పక్కలా మొక్కజొన్న కోతలు, హార్వెస్టర్ల వెనక దుమ్ము. కానీ అయోవా దాటకుండా ఈ కథ మొదలవదు, ఎందుకంటే కె-స్టేట్ తలరాత మార్చిన కోచ్ బిల్ స్నైడర్ అక్కడి నుంచే వచ్చాడు. అయోవా యూనివర్సిటీలో హేడెన్ ఫ్రై దగ్గర పదేళ్లు సహాయకుడిగా పనిచేసి, 1988 నవంబర్‌లో ఇటు వచ్చాడు.

సాయంత్రానికి కాన్సాస్ సిటీ పక్కన ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో మా రూమ్మేట్ ఇంటికి చేరాం. బాపట్లలో నాలుగేళ్లు, ఇక్కడ రెండేళ్లు ఒకే గదిలో ఉన్నవాళ్లం. పక్క ఊరు ఒలేథా. 2017 ఫిబ్రవరిలో అక్కడ బార్లో మన తెలుగు ఇంజనీరుని కాల్చి చంపినప్పుడు మా పెద్దావిడ రాత్రికి రాత్రే నాకు ఫోన్ చేసి, నువ్వు క్షేమమేనా, మీవాళ్లంతా క్షేమమేనా అని అడిగి ఏడ్చింది. ఆ రోజు హంతకుడికి అడ్డుపడి ఒక కాన్సాస్ యువకుడు కూడా తూటా దెబ్బ తిన్నాడు. ఆ రెండూ నేను మర్చిపోను. కాన్సాస్ మనుషుల గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు నచ్చదు.

శుక్రవారం

ఐ-70 మీద రెండు గంటలు పడమటికి. టొపీకా దాటాక నేల మారిపోతుంది, చదునంతా పోయి ఫ్లింట్ హిల్స్ మొదలవుతాయి. చెట్లు తక్కువ, అంతా గడ్డి, అక్టోబర్‌లో ఆ గడ్డి ఎర్రగా రాగి రంగులోకి తిరిగి ఉంటుంది. 313వ ఎగ్జిట్ దగ్గర దిగితే ఊళ్లోకి తీసుకెళ్లే రోడ్డుకి బిల్ స్నైడర్ హైవే అని పేరు. మా రూమ్మేట్ ఆ బోర్డు కనపడగానే ఎప్పట్లాగే హారన్ కొట్టాడు.

మధ్యాహ్నం క్యాంపస్‌లో తిరిగాం. అన్నీ ఇక్కడి సున్నపురాయితో కట్టిన భవనాలు, ఎండ పడితే లేత పసుపు రంగులో మెరుస్తాయి. వ్యవసాయం చదివిన మనవాళ్లకి ఈ యూనివర్సిటీ కొత్త పేరేం కాదు. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అమెరికా ప్రభుత్వ పథకం కింద దానికి తోడు నిలిచింది ఈ కాన్సాస్ స్టేటే. ఇక్కడి ప్రొఫెసర్లు హైదరాబాద్ వచ్చి పనిచేశారు, మనవాళ్లు ఇక్కడికొచ్చి చదువుకుని వెళ్లారు. బాపట్లలో మా సీనియర్ ప్రొఫెసర్లు మాటల్లో కాన్సాస్ అనేవాళ్లు, అప్పుడు అదెక్కడుందో కూడా నాకు తెలీదు. కాల్ హాల్‌లో వంకాయ రంగు ఐస్‌క్రీం తిన్నాం, వీళ్ల డెయిరీ పాలతో చేసింది. మా ఆవిడ రెండు తింది.

రాత్రి భోజనం ఓనర్ల ఇంట్లో. అసలు ప్రయాణం నాకు ఇక్కడ మొదలైనట్టు. పెద్దాయన గోధుమ రైతు, ఇప్పుడు పొలం కొడుకు చూసుకుంటున్నాడు. పెద్దావిడ స్కూలు టీచరుగా రిటైరైంది. ఇద్దరూ 1960ల్లో కె-స్టేట్‌లోనే చదివారు. 1968లో ఇప్పుడున్న స్టేడియం కట్టినప్పటి నుంచీ వెళ్తున్నారు. జంతికల డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాను. పెద్దాయన ఒక్కో చుట్టూ విరిచి నములుతూ, మా రూమ్మేట్ అడిగితే మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. మేం వంద సార్లు విన్నాం. అయినా అడుగుతాం.

"మేం ఓడిపోవడం చూడ్డానికి వెళ్లేవాళ్లం" అన్నాడు. "దాని పేరే ఫుట్‌బాల్ అనుకున్నాం."

అది నిజం. కాలేజీ ఫుట్‌బాల్‌లో 500 ఓటములు మూటగట్టుకున్న మొదటి జట్టు కె-స్టేట్. స్నైడర్ వచ్చేనాటికి వరసగా 27 మ్యాచ్‌లు గెలుపు లేదు, 26 ఓటములు, ఒక్క టై. ఆ టై కథ పెద్దావిడ చెప్పాలి. 1987 నవంబర్, ఎదురుగా పక్క ఊరి శత్రువు కాన్సాస్ యూనివర్సిటీ, వాళ్లకి ఆ సీజన్లో ఒకటే గెలుపు, మనకి అదీ లేదు. 17-17 మీద ఆఖరి క్షణాల్లో ఫీల్డ్ గోల్ కొడితే, అంటే బంతిని తన్ని గోల్‌పోస్టుల మధ్యగా పంపితే గెలిచినట్టే, దాన్ని అవతలివాళ్లు బ్లాక్ చేశారు. "ఆ రాత్రి మాకు అన్నం సయించలేదు, కానీ ఓడిపోలేదుగా అని ఇంటికొచ్చి కేకు కోసుకున్నాం" అంది ఆవిడ.

1989లో సీజన్ మొదలవబోతుండగా దేశంలోకెల్లా పెద్ద క్రీడా పత్రిక ఒకటి కె-స్టేట్ చేతకానితనం మీద పేజీల కొద్దీ రాసింది. ఊరంతా చదివారు. అప్పటికి యూనివర్సిటీ ప్రెసిడెంట్ జాన్ వీఫాల్డ్, అథ్లెటిక్ డైరెక్టర్ స్టీవ్ మిల్లర్ కలిసి స్నైడర్‌ని తెచ్చి పది నెలలైంది. వచ్చిన మొదటి రోజే ఆయన, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంతకంటే పెద్ద మార్పుకి అవకాశం ఇంకెక్కడా లేదు అన్నాడట. ఆ మాట విని పెద్దాయన రేడియో కట్టేశాడట. కొత్త గుర్తు గీయించాడు కోచ్, ఇక్కడి ఆర్ట్ ప్రొఫెసర్ టామ్ బుక్‌వాల్టర్ గీసిన ఆ వంకాయ రంగు పిల్లి తలే ఈరోజు ఊరంతా కనపడుతుంది. పెద్ద స్కూళ్లు వద్దన్న పిల్లల్నీ, జూనియర్ కాలేజీల్లో ఆడుకుంటున్న పిల్లల్నీ వెతికి తెచ్చాడు. పదహారు లక్ష్యాలు రాసి గోడకి పెట్టాడు: నిబద్ధత, స్వార్థం లేకపోవడం, ఐకమత్యం, అలా. పగలంతా తినకుండా పనిచేసి రాత్రి ఒక్కపూటే తినేవాడు. ఆటగాళ్లకే కాదు, అవతలి జట్టు కుర్రాళ్లకి కూడా వంకాయ రంగు సిరాతో చేత్తో ఉత్తరాలు రాసేవాడు. గాయపడిన ప్రత్యర్థి ఆటగాడికి ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

మొదటి మూడు మ్యాచ్‌లూ ఓటమే. నాలుగోది సెప్టెంబర్ 30, 1989, నార్త్ టెక్సస్ మీద. చివర్లో వెనకబడి ఉన్నాం. పెద్దాయన లేచి, పశువులకి మేత వేయాలి, నేను పోయి ట్రక్కు తీస్తా నువ్వు రా అన్నాడు. పెద్దావిడ రాలేదు. ఆయన పార్కింగులో తాళం తిప్పుతుండగా వెనక నుంచి ఒక్కసారిగా కేకలు, ముందు ఏదో గొడవ జరిగిందనుకున్నాడట. ఆఖరి బంతికి కార్ల్ స్ట్రా విసిరితే ఫ్రాంక్ హెర్నాండెజ్ పట్టుకుని టచ్‌డౌన్, అంటే బంతి ఆఖరి గీత దాటినట్టు. 20-17. మూడేళ్ల తర్వాత మొదటి గెలుపు. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో ఆ రోజు స్టేడియంలో ఉన్నామని చెప్పుకునేవాళ్లు అక్కడ పట్టే జనం కంటే ఎక్కువ. పెద్దాయన మాత్రం నేను లేను అనే చెప్తాడు. ఆ మాట అన్నాక కాసేపు ఎవరం ఏం మాట్లాడలేదు, జంతికల చప్పుడు ఒకటే.

శనివారం

ఆట పదకొండింటికి. పొద్దున్న ఏడింటికే స్టేడియం పక్క మైదానంలో ట్రక్కుల వెనక తలుపులు తీసి, పొయ్యిలు వెలిగించి, వంటలు మొదలు. దీన్నే టెయిల్‌గేట్ అంటారు, మన జాతరలో బండి దగ్గర వండుకుని తిన్నట్టే. చలిగా ఉంది, కాఫీ పొగలు. వీళ్ల గుంపులో పన్నెండు మంది, అందరూ అరవై దాటినవాళ్లు, అవే నాలుగు వరసల్లో దశాబ్దాలుగా కూర్చుంటున్నారు. మా ఆవిడ అరిసెలు పంచింది. ఒకాయన రెండో అరిసె తీసుకుంటూ 1998 గురించి మొదలుపెట్టాడు, ఇక ఆపలేం.

బౌల్ అంటే సీజన్ అయ్యాక బాగా ఆడిన జట్లని పిలిచి ఆడించే ఆట. 1993లో కాపర్ బౌల్, వయోమింగ్ మీద 52-17, కె-స్టేట్ చరిత్రలో మొదటి బౌల్ గెలుపు. ఆ ఏడాది నుంచి 2003 దాకా వరసగా పదకొండేళ్లు బౌల్ ఆటలకి వెళ్లింది. 1997 సీజన్లో 11 గెలుపులు, ఒక్కటే ఓటమి. కానీ నెబ్రాస్కా మాత్రం కొరకరాని కొయ్య. 1968 తర్వాత వరసగా 29 సార్లు వాళ్ల చేతిలో ఓడిపోయారు. 1998 నవంబర్ 14న ఇక్కడే, మైకేల్ బిషప్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, 40-30తో గెలిచారు. ఆ రోజు గోల్‌పోస్టులు పీకేశారు. ఇది చెప్పేటప్పుడు గుంపులో నలుగురు ఒకేసారి మాట్లాడారు, ఎవరి మాట ఎవరూ వినడం లేదు, ఒకావిడ ఆ రాత్రి తన చెప్పు ఒకటి పోయిందనీ, దొరకలేదనీ, వెతకలేదనీ చెప్పింది.

తర్వాతి మూడు వారాల గురించి వాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు. పదకొండుకి పదకొండూ గెలిచి డిసెంబర్ 5న సెయింట్ లూయిస్‌లో బిగ్ 12 ఫైనల్, కె-స్టేట్ ఆడే లీగ్ అది, టెక్సస్ ఎ అండ్ ఎం మీద. నాలుగో క్వార్టర్లో 27-12 ఆధిక్యం. అదే సమయానికి టైటిల్ పోటీలో ఉన్న యూసీఎల్ఏ జట్టు ఇంకోచోట ఓడిపోయిందని వార్త స్టేడియంలో పాకింది, అంటే ఇది గెలిస్తే జాతీయ టైటిల్ ఆట మనదే. జనం ఏడుస్తున్నారట సంతోషంతో. తర్వాత ఆధిక్యం కరిగిపోయింది, రెండో ఓవర్‌టైమ్‌లో సర్ పార్కర్ బంతి పట్టుకుని గీత దాటాడు, 36-33. అంతటితో ఆగలేదు, దేశంలో మూడో ర్యాంకులో ఉన్న జట్టుని పెద్ద బౌల్స్ ఏవీ పిలవలేదు, అలమో బౌల్‌కి వెళ్లి అక్కడా పర్డ్యూ చేతిలో ఓడిపోయారు. ఆ అన్యాయం తర్వాత మూడో ర్యాంకు జట్టుకి చోటు దక్కేలా నిబంధనే మార్చారు, దాన్ని జనం కాన్సాస్ స్టేట్ రూల్ అని పిలిచారు. రూల్ వచ్చిందిగా అని నేనంటే, ట్రక్కు యజమాని తల అడ్డంగా ఊపి, "మాకు రూల్ కాదు, ఆ రాత్రి కావాలి" అన్నాడు. ఇరవై ఒక్క ఏళ్లయింది. నాకైతే వాళ్ల బాధలో న్యాయం ఉంది.

2003 మాట తీయగానే ముఖాలు వెలిగాయి. ఒక్క ఓటమి లేకుండా నంబర్ వన్‌గా వచ్చిన ఓక్లహామాని కాన్సాస్ సిటీలో బిగ్ 12 ఫైనల్లో 35-7తో చిత్తు చేశారు. డారెన్ స్ప్రోల్స్ 235 గజాలు పరిగెత్తాడు. అయిదున్నర అడుగుల కుర్రాడు, కాన్సాస్ పిల్లాడు. నేను చూసింది 2012: తొమ్మిదో నెలలో మొదలైన గెలుపులు నవంబర్ దాకా ఆగలేదు, కాలిన్ క్లైన్ క్వార్టర్‌బ్యాక్, కె-స్టేట్ దేశంలో నంబర్ వన్, తర్వాత బేలర్ చేతిలో 52-24. ఆ రాత్రి బేస్‌మెంట్‌లో నేనూ మా రూమ్మేట్ వండిన అన్నం అలాగే గిన్నెలో ఉండిపోయింది. రెండు వారాలకి ఇక్కడే టెక్సస్‌ని ఓడించి బిగ్ 12 గెలిచాం, నేను మైదానంలోకి దిగి పరిగెత్తాను.

లోపలికి వెళ్లేముందు స్నైడర్ కంచు విగ్రహం దగ్గర ఫోటో. స్టేడియం పేరు బిల్ స్నైడర్ ఫ్యామిలీ స్టేడియం, కుటుంబం పేరు కూడా ఉండాలని ఆయనే అడిగాడట. 2005లో రిటైరై, మళ్లీ 2009లో దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో తిరిగొచ్చి, 215 గెలుపులతో పోయిన డిసెంబర్లో దిగిపోయాడు. ఈ ఏడాది కొత్త కోచ్ క్రిస్ క్లీమన్. ఆయన నిలబడగలడా అని అందరికీ లోపల టెన్షన్, పైకి ఎవరూ అనరు.

బ్యాండ్ వాబాష్ కేనన్‌బాల్ పాట ఎత్తుకోగానే స్టేడియం మొత్తం ఒకరు ముందుకీ పక్కవాళ్లు వెనక్కీ ఊగుతారు. 1968 డిసెంబర్లో సంగీత విభాగం ఉన్న భవనం కాలిపోయినప్పుడు బ్యాండ్ సంగీతం కాగితాలన్నీ బూడిదయ్యాయి. బ్యాండ్ డైరెక్టర్ పెట్టెలో ఇంటికి తీసుకెళ్లిన ఈ ఒక్కటే మిగిలింది. మా ఆవిడ తప్పు దిక్కుకి ఊగితే పెద్దావిడ భుజం పట్టుకుని సరిచేసింది.

మొదట్లో వెనకబడ్డాం. తర్వాత స్కైలర్ థాంప్సన్ తనే బంతి పట్టుకుని దూరడం మొదలుపెట్టాడు, ఒకటి, రెండు, మొత్తం నాలుగు టచ్‌డౌన్లు పరిగెత్తి కొట్టాడు. నాలుగో క్వార్టర్లో 48-23. నమ్మలేకపోయాను. మా కింద వరసలో కొందరు ట్రాఫిక్ పెరగకముందే పోదామని లేచారు. మా రూమ్మేట్ కూడా గడియారం చూసి, "బావా, పిల్లలు ఎదురుచూస్తుంటారు" అన్నాడు. నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. పెద్దావిడ ఆయన్నే చూస్తోంది.

అప్పుడు ఓక్లహామా లేచింది. పాయింటు మీద పాయింటు, వాళ్ల ఆటగాడు సీడీ ల్యాంబ్ బంతి పట్టుకుని ఒక్క దౌడు తీశాడు, చూస్తుండగానే 48-41. రెండు నిమిషాల్లోపే మిగిలింది. వాళ్లు బంతిని చిన్నగా తన్ని మళ్లీ వాళ్లే దక్కించుకున్నారు. ఆన్‌సైడ్ కిక్ అంటారు దాన్ని, బంతి పది గజాలు పోయాకే వాళ్లు ముట్టుకోవాలి. అంపైర్లు వీడియో చూస్తున్నారు. యాభై వేల మంది స్టేడియంలో జెండా గుడ్డ టపటపలాడే చప్పుడు వినపడింది నాకు. పెద్దాయన చేతిలో సీటు మీద వేసుకునే మెత్త ఉంది, దాని కుట్లు వేళ్లతో పీకుతున్నాడు, దారం ఒకటి బయటికొచ్చి వేలికి చుట్టుకుంది. చివరికి మైకులో మాట వచ్చింది: పది గజాలకి ముందే ముట్టుకున్నారు, బంతి కాన్సాస్ స్టేట్‌ది.

1996 తర్వాత సొంత ఊళ్లో ఓక్లహామాని ఓడించడం ఇదే. పిల్లలంతా మైదానంలోకి దూకారు. మేం పైనే ఉన్నాం. పెద్దాయన ఖాళీ అయిన గడియారం బోర్డు వైపు చాలాసేపు చూసి, అప్పుడు లేచాడు. పార్కింగు దాటడానికి గంటన్నర పట్టింది.

ఆదివారం

తెల్లవారకముందే మా ఆవిడ వాళ్ల వరండాలో ప్రమిదలు పెట్టింది. కాన్సాస్ గాలికి ఒక్కటీ నిలవలేదు. పెద్దాయన గ్యారేజీలోంచి ఖాళీ జామ్ సీసాలు తెచ్చి తుడిచి, ఒక్కో ప్రమిద ఒక్కో సీసాలో పెట్టాడు, అప్పుడు నిలిచాయి. ఎదురింటివాళ్లు కుక్కని తిప్పుతూ ఆగి, ఇదేం పండగ అని అడిగి, హ్యాపీ దివాలీ చెప్పి పోయారు.

కాఫీ తాగుతుంటే పెద్దావిడ బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చింది. అందులో ఆవిడ దాచిన టికెట్లు, సీజన్ వారీగా రబ్బరు బ్యాండ్లు వేసి. ప్రతి టికెట్ వెనకా పెన్సిల్‌తో స్కోరు. ఓడిపోయిన ఏళ్లవీ ఉన్నాయి, 1988 కట్ట మొత్తం పదకొండు ఓటముల ఏడాదిది, ఒక్కటీ పారేయలేదు. 1989 సెప్టెంబర్ 30వి రెండు టికెట్లు. ఆవిడ దాని వెనక 20-17 అని ఉంది. ఆయన దాని వెనక ఏమీ లేదు.

"చూడని ఆటకి స్కోరు రాయకూడదన్నాను" అంది ఆవిడ. కోపంగా కాదు, ఇంటి పద్ధతి చెప్తున్నట్టు.

పెద్దాయన జేబులోంచి నిన్నటి టికెట్ తీసి, పెన్సిల్ అడిగి, మెల్లగా 48-41 అని రాశాడు. తర్వాత 1989 టికెట్ తిప్పి ఖాళీ వైపు చూసి, రాయకుండానే తిరిగి డబ్బాలో పెట్టి మూత నొక్కాడు.

మేం బయల్దేరుతుంటే కారు కిటికీ దగ్గరకొచ్చి, వచ్చే శనివారం లారెన్స్‌లో మ్యాచ్, కాన్సాస్ యూనివర్సిటీ మీద, రెండు టికెట్లు చూస్తానన్నాడు. నాకు సెలవు లేదు. మా ఆవిడ వెనక సీట్లో ఉన్న ఖాళీ స్టీలు డబ్బా ఆయన చేతికిచ్చి, దీన్ని ఇక్కడే ఉంచండి, మళ్లీ నింపడానికి వస్తాం అంది.